బూజు మీది, సున్నం మాది

నాకు అక్షరాలు ఆలస్యంగా వచ్చాయి. ఒత్తులూ దీర్ఘాలూ ఎక్కడైనా తప్పి ఉంటే చదివేవాళ్లు మన్నించాలి. మనుషులు మాట్లాడుకున్నంత వేగంగా నా చెయ్యి కదలదు. వాళ్లు గబగబా అన్న మాటలు నేను ఆగి ఆగి రాశాను. మీరు మాత్రం గబగబానే చదవండి.

మిర్యాలగూడలో ఒక రెండంతస్తుల ఇల్లు. పైన ఇంటి యజమాని నర్సింగరావు, ఆయన భార్య స్వరాజ్యలక్ష్మి ఉంటారు. ఆయనది బియ్యం వ్యాపారం. కింద కిరాయికి ఉండేది అరుణ, ఆమె భర్త కృష్ణ, నాలుగేళ్ల పాప సింధు. అరుణ పుట్టిల్లు కోదాడ. కృష్ణ రోజూ బస్సులో సూర్యాపేట పోయి పని చేసుకొని వస్తాడు. ఆషాఢం వానలు పట్టిన ఒక మధ్యాహ్నం, కింది ఇంటి వెనక గదిలో అరుణ, నర్సింగరావు నిలబడి ఉన్నారు.

“అందుకే అంటున్నా అంకుల్, మీరొక్కసారి ఆ గోడ మీద చెయ్యి పెట్టి చూడండి.”

“చెయ్యెందుకమ్మా? కండ్లకు కనపడ్తనే ఉన్నది గదా.”

“ఏం కనపడుతుంది?”

“గోడ.”

“గోడ మీద?”

“క్యాలెండర్.”

“క్యాలెండర్ వెనకాల అంకుల్. ఉండండి, తీస్తాను. ఇదిగో. కింద నుంచి స్లాబు దాకా నల్లగా. ఇదంతా బూజు.”

“ఆఁ! ఏమన్నవ్? మళ్ల ఒక్కసారి అను.”

“బూజు.”

“నువ్వే అన్నవ్, నేనన్లే. మీరు ఇంట్ల దిగిన రోజు నేనేం చెప్పిన? గీ గడప కాడ్నే నిలవడి, మీ కృష్ణ ముంగట, పాలు పొంగిచ్చినంక ఏం చెప్పిన?”

“బూజు మీది, సున్నం మాది అన్నారు.”

“నువ్వేమన్నవ్?”

“సరే అన్నాను.”

“ఇగ అయిపాయె. మాటంటే మాటే. బజార్ల నా నోటిమాట మీద లారీలు నడుస్తయమ్మా.”

“అయ్యో, అది సాలీడు బూజు అనుకున్నానండీ! చీపురు కర్రకి కట్టి దులుపుతామే, అది. అది దులుపుతూనే ఉన్నాను, చూడండి, మూలల్లో ఒక్క పోగు లేదు. ఇది వేరే. పచ్చడికి పడుతుందే, ఆ బూజు.”

“నేను ఏ బూజని చెప్పిన్నా? సాలీడుది మీది, పచ్చడిది మాది అని పంచి చెప్పిన్నా? బూజంటే బూజే.”

“చీపురుతో దులిపితే పోతుందా అంకుల్ ఇది?”

“పోకపోతే గట్టిగ దులుపాలె.”

“గట్టిగానే దులిపాను. పెచ్చులు పెచ్చులుగా సున్నం ఊడొచ్చింది.”

“సూసినవా! సున్నం మాదని చెప్పిన గదా? మా సున్నం ఎందుకు ఊడగొట్టినవ్?”

“జర మెల్లగా అంకుల్. పాప ఇప్పుడే నిద్రపోయింది, వంటింట్లో.”

“మెల్లగనే మాట్లాడుతున్న. నా గొంతే గంత.”

“సరే, ఇది బూజు కాదనుకుందాం. చెమ్మ అనుకోండి.”

“చెమ్మయితే వానది. వాన నేను పడమన్ననా?”

“పోనీ, పాచి.”

“పాచి కడుగుడు ఇంటి ఆడోళ్ల పని. మీ ఆంటీ పైన రోజు కడుక్కుంటది. ఒక్కనాడు నాకు చెప్పలే.”

“సూర్యాపేటలో డాక్టరుగారు ఫంగస్ అన్నారండీ.”

“డాక్టరన్నడా? మరింకేంది! అది దవాఖాన సంగతి. మందిచ్చిండా లేదా?”

“పాపకిచ్చారు. గోడకివ్వలేదు.”

“పాపకేమయింది?”

“ఎన్నిసార్లు చెప్పాను అంకుల్ మీకు! పాపకి రాత్రిళ్లు ఊపిరాడట్లేదు. పడుకోబెడితే చాలు, రొమ్ములో పిల్లికూతలు. నేను గోడకి... ఈ గోడకి కాదు, ఆ గోడకి ఆనుకొని ఒళ్లో కూచోబెట్టుకుంటే కాస్త నిద్రపోతుంది. ఆవిరి మిషను కొన్నాం. ఎంత మందు వేసినా ఆ గదిలో పడుకుంటే తగ్గదన్నారు డాక్టరుగారు. గోడన్నా మార్చండి, ఇల్లన్నా మార్చండి అన్నారు.”

“మారుతరా మరి?”

“ఎక్కడికి మారతామండీ? తిరుగుతున్నాం. పిల్ల దగ్గు వినగానే ఇల్లుగలవాళ్లు తలుపేసుకుంటున్నారు. అంటురోగం అనుకుంటున్నారు.”

“గదే నేను చెప్పేది. దగ్గే పిల్లకు ఇల్లెవ్వరియ్యరు. నేనిచ్చిన.”

“మీరిచ్చినప్పుడు దగ్గు లేదండీ.”

“ముందు రూముల పండుకోబెట్టరాదు?”

“ముందు గది నిండా మీ ఖాళీ గోనెసంచులు ఉన్నాయి కదా అంకుల్.”

“ఉగాది దాకనే అన్న గదా.”

“ఉగాది పోయింది.”

“ఏ ఉగాదని చెప్పలే గదా.”

“అంకుల్!”

“సూడమ్మా అరుణా, నేను అడ్డం మాట్లాడేటోణ్ణి గాదు. న్యాయంగ చెప్తున్న. మీరు రాకముందు ఈ గోడ ఎట్లుండె? అద్దం లెక్కుండె. మీరొచ్చినంకనే అయింది. అన్నం వండుతరు, ఆవిరొస్తది. తడి బట్టలు లోపల ఆరేస్తరు, ఆవిరొస్తది. ఇప్పుడేమో ఆవిరి మిషనే కొన్నమంటున్నవ్! నువ్వే ఒప్పుకున్నవ్.”

“ఆ మిషను దగ్గు వచ్చాక కొన్నామండీ. అన్నం వండని వాళ్లుంటారా? మాకు ముందున్నవాళ్లు వండుకోలేదా?”

“వాళ్లు చపాతీలు.”

“వాళ్లెందుకు ఖాళీ చేశారు?”

“ట్రాన్స్‌ఫర్.”

“ఆయనది కిరాణా కొట్టు కదండీ?”

“ఆఁ... కొట్టు.”

“కొట్టుకి ట్రాన్స్‌ఫరా?”

“సందు మార్చిండు. ట్రాన్స్‌ఫర్ అంటే గదే గదా.”

“మరి మేం దిగేముందు ఇల్లంతా పాత సున్నమే ఉంచి, ఈ ఒక్క గోడకే కొత్తగా రంగు ఎందుకు వేయించారు?”

“అందానికి.”

“ముదురాకుపచ్చ రంగు?”

“కంటికి సల్లగుంటది.”

“పాచి కనపడకుండా ఉంటుంది.”

“అట్ల గూడ ఉంటదనుకో. బీరువా గోడకు ఆనిచ్చిండ్రు, గాలి ఆడకపాయె. తప్పు మీదే.”

“బీరువా ఆ మూలే పెట్టమని మీరే కదా చెప్పారు, వాస్తు అని! ఆ మూల పెడితే నిలుస్తుందన్నారు.”

“లచ్చిమి నిలుస్తదన్న.”

“నీళ్లు నిలిచాయి. నా పెళ్లి చీర అడుగు మడత తీస్తే చేతికి ముద్దొచ్చింది.”

“వాస్తుకు పేరు పెట్టకమ్మా, కండ్లు పోతయ్. ఓ స్వరాజ్యం! స్వరాజ్యం! జర కిందికి రా! ఈమె మన గోడకు రోగమొచ్చిందంటున్నది!”

“వస్తున్న, వస్తున్న! పొయ్యి మీద పప్పు పెట్టిన, కట్టేసి రావద్దా? ఏంది లొల్లి? పిల్ల పండుకున్నట్టున్నది, ఆ గొంతేంది మీకు?”

“నమస్తే ఆంటీ. మీరన్నా చూడండి.”

“ఏం సూడాలె అరుణా, సూస్తనే ఉన్న. అమ్మో, ముక్కిన వాసన... వాసనేం లేదు. ఏం వాసన లేదు. ఊరికే అన్న.”

“స్వరాజ్యం, నువ్వు ఆడదానివి, నువ్వడుగు. నువ్వడుగుతనన్న మాట అడుగు.”

“నేనా? మీరే అడగుమన్నరు... అరుణా, ఏమనుకోకు బిడ్డా. మీ సింధు పక్క తడుపుతదంట గదా?”

“చిన్నపిల్ల ఆంటీ. ఎప్పుడో ఒకసారి.”

“గదేనంట. గా తడే గోడకెక్కిందంట. మా ఆయన అంటున్నడు.”

“స్లాబు దాకానా ఆంటీ? నేను చెయ్యెత్తినా అందట్లేదు ఆ మరక. పిల్ల అంతెత్తున తడుపుతుందా?”

“ఏమండి, జవాబు చెప్పుండ్రి. నాకు ఇంతవరకే చెప్పిండ్రు.”

“పిల్లలు గదా. మంచమెక్కి ఎగురుతరు.”

“ఆంటీ, మిమ్మల్ని ఒక్క మాట అడుగుతాను. ఈ గోడకి సరిగ్గా పైన ఏముంది?”

“పైనా? పైన మా ఇల్లున్నది.”

“మీ ఇంట్లో ఏముంది?”

“అన్ని ఉన్నయ్. దేవుడు సల్లగ సూసిండు.”

“సరిగ్గా ఈ మూల మీద ఆంటీ?”

“బాత్రూం.”

“స్వరాజ్యం!”

“అడిగింది, చెప్పిన. బాత్రూం లేకుంట ఉంటమా ఏంది?”

“ఆ బాత్రూంలో పైపు కారుతుందా ఆంటీ?”

“కారదు.”

“మిమ్మల్ని కాదంకుల్. ఆంటీని.”

“కారదన్నడు గదా అరుణా.”

“మీరు చెప్పండి.”

“నేనేం చెప్పాలె... కింద బకెట్ పెడ్తున్నం.”

“స్వరాజ్యం!”

“తప్పేమున్నది? బకెట్ పెట్టినంక కారినట్టెట్లయితది? బకెట్లనే పడ్తున్నయ్ నీళ్లు.”

“రాత్రి బకెట్ నిండితే?”

“నిండితే... పొర్లుతది.”

“పొర్లి?”

“పొద్దుగాల సూస్తే ఉండవ్. యాడికి పోతయో నాకేం తెలుసు, నేను సదువుకోలే.”

“ఇగో అరుణమ్మా, ఆగు. ఆడోళ్ల మాటలు పట్టుకొని లెక్క తియ్యకు. పైపు గోడ లోపట ఉంటది. గోడ పలగ్గొట్టాలంటే మీద టైల్స్ పలగ్గొట్టాలె. టైల్స్ ఎసొంటియి? కోదాడ దాక పోయి ఏరుకొచ్చిన. పావురాల డిజైన్. పలగ్గొడ్తే మళ్ల గా డిజైన్ దొరుకదు. బంద్ అయింది.”

“పాప ఊపిరి బంద్ అవుతుంది అంకుల్.”

“అట్ల అశుభం మాట్లాడకు!”

“ఆమె తల్లి గదండి, ఆమెకు గట్లనే వస్తది మాట.”

“నువ్వెవరి దిక్కు స్వరాజ్యం?”

“నేనేడ దిక్కు? నడుమల ఉన్న.”

“అంకుల్, గుప్పెడు బియ్యం చేతిలో పోసుకొని, ముక్కు దగ్గర పెట్టుకొని తేమ చెప్పేస్తారంట మీరు. బజారంతా అనుకుంటారు. ఆ ముక్కు ఒక్కసారి ఈ గోడ దగ్గర పెట్టండి. అంతే. మీరేం చెప్తే అదే ఒప్పుకుంటాను.”

“బియ్యమంటే నేను కొంటనమ్మా, వాసన సూస్త. గోడ నేను కొంటున్ననా? ఎన్నడో కట్టిన.”

“చెయ్యి పెట్టండి పోనీ.”

“పూజ చేసుకొని వచ్చిన. ముట్ట.”

“గోడ ముడితే మైలా అంకుల్?”

“పెట్టరాదుండి, జర. పిల్ల బాధ పడ్తున్నది...”

“నువ్వుండు. ఏదీ... ఇగో పెట్టిన. సూడుండ్రి ఇద్దరు. పెట్టిన. పొడి! ఎండిన కర్ర లెక్కుంది!”

“చెయ్యి లుంగీకి తుడుచుకుంటున్నారేంటి?”

“దుమ్ము. దుమ్ము తుడ్చుకుంటున్న. ఇగ విను అరుణమ్మా, నా మాట ఖతం. వ్యాపారంల ఇన్నేండ్లు తేమ సూసి బతికినోణ్ణి. ఈ రూము అంత పొడి రూము మిర్యాలగూడ మొత్తంల లేదు. నీ పిల్లకు దగ్గు గాలి మార్పుకు వచ్చింది, గాలి మార్పుకే పోతది. గోడ మీద ఇంకొక్క మాట మాట్లాడేది లేదు.”

“ఫోన్ మోగుతున్నదండి. మీ జేబుల.”

“ఎవడు... సైదులా? చెప్పురా. హుజూర్‌నగర్ లారీ వచ్చిందా? మంచిగాయె, దింపుండ్రి... ఏందీ? గోదాంలకు నీళ్లా? మోరీ పొంగిందా? ఎంత లోతు? మోకాళ్ల దాకనా! అరేయ్, దింపకు! ఒక్క బస్తా దింపకు! లారీల్నే ఉంచు... డ్రైవర్ ఉండనంటున్నడా? ఎందుకుండడు?... టార్పాలిన్ కప్పు మరి... చినిగిందా? చినిగింది ఎందుకు కట్టుకొచ్చిండు వాడు! వాన పట్టిందా గాడ? ఆగు. ఆగు. లైన్ల ఉండు, పెట్టెయ్యకు. నన్ను జర ఆలోచన చెయ్యనియ్యి.”

“ఏమైందండి?”

“మునిగినం స్వరాజ్యం. శ్రావణం పెండ్లిళ్లకని తెప్పిచ్చిన సన్నబియ్యం. లారీ నిండ. గోదాంల నీళ్లు జొచ్చినయంట. లారీ మీద టార్పాలిన్ చినిగిందంట. తడుస్తున్నయ్! నెత్తి మీద వాన, కింద మోరీ! యాడ దింపాలె?”

“పక్క షావుకారి గోదాం?”

“వాని గోదాంల గూడ గవే నీళ్లు.”

“అంకుల్.”

“జర ఆగమ్మా. నీ గోడ సంగతి రేపు మాట్లాడుదం.”

“గోడ సంగతి కాదు. మీ బియ్యం సంగతి. ఈ గదిలో దింపించుకోండి.”

“ఆఁ?”

“ఈ గదిలో. మంచం ఎత్తేస్తాను, బీరువా పక్కకి జరుపుదాం. ఇవాళ రాత్రికి మేం వంటింట్లోనే సర్దుకుంటాం. లారీ గేటు దాకా వస్తుంది కదా.”

“గీ రూములనా?”

“ఇంత పొడి గది ఊరు మొత్తంలో లేదన్నారు కదా.”

“పాగల్‌గున్నవా ఏందమ్మా! సన్నబియ్యం! పెండ్లిబియ్యం! గీ గోడకు ఆనిచ్చి పెడ్తనా? తెల్లారేసరికి గోనె గోనెంత చెమ్మ గుంజుతది! ముక్కిన వాసన పడ్తది! రెండు రోజులుంటే బస్తా బస్తాకు బూజు పడ్తది! ఎవడు కొంటడు మళ్ల?”

“ఏ బూజు అంకుల్?”

“ఏంది?”

“బస్తాలకి పట్టేది. ఏ బూజు? సాలీడుదా, పచ్చడిదా?”

“మాటలు పెట్టకు. అది బియ్యం.”

“చీపురుతో దులిపితే పోదా?”

“బియ్యానికి దులుపుడేందమ్మా!”

“గట్టిగా దులిపితే?”

“స్వరాజ్యం, ఈమెకు చెప్పరాదు! అమ్మా, అది సరుకు. సరుకు సున్నితం ఉంటది. మనుషులేమున్నది, ఎట్లనన్న అలవాటు పడ్తరు. బియ్యం అలవాటు పడదమ్మా.”

“ఏమన్నారు అంకుల్?”

“ఏందిట్ల సూస్తరు ఇద్దరు? ఉన్న మాట చెప్పిన. సైదులూ, ఉన్నవా? లైన్లనే ఉండు...”

“ఇటియ్యుండ్రి.”

“ఏంది?”

“ఫోన్.”

“ఎందుకే?”

“ఇయ్యుండ్రంటున్న. రాత్రి రాత్రి ఆ పిల్ల దగ్గుడు నాకు పైకి ఇనొస్తది. మీరు గుర్రు పెడ్తరు, మీకినరాదు. లేసి బాత్రూంల బకెట్ పారవోసి వస్త, మళ్ల పండుకుంట, మళ్ల దగ్గుతది. ఒక్కొక్కపాలి దగ్గు ఆగుతది సూడు, అప్పుడు ఇంక భయమైతది నాకు. పైపు బాగు చేపియ్యుండ్రి అంటే పావురాలంటరు. నేను గూడ మీతోని కలిసి పిల్ల పక్క తడిపిందని అడిగిన, నా నోటికి బుద్ధి లేదు. అరుణా!”

“ఆంటీ?”

“పిల్లను లేపకుంట అట్లనే ఎత్తుకో. దుప్పటి, ఆవిరి మిషను తీస్కో. పైకి పో. మా రూముల మంచం మీద పండుకోబెట్టు.”

“వద్దాంటీ, మేం వంటింట్లో...”

“పో అంటున్న. కృష్ణ వస్తే ఆయనకు గూడ పైనే అన్నం పెడ్త.”

“మా మంచం మీదనా? స్వరాజ్యం, మరి నేను?”

“మీరేమున్నది. ఎట్లనన్న అలవాటు పడ్తరు.”

“ఏయ్, ఫోన్ ఏం చేస్తున్నవ్? ఎవ్వలితోని... స్వరాజ్యం, ఇటియ్యి!”

“హలో, సైదులూ? నేను, అమ్మను. లారీ ఇంటికి తోలుకరా. ఆఁ, ఇంటికే. కింద వెనక రూముల దింపుండ్రి.”

“వద్దు! స్వరాజ్యం, వద్దు! సన్నబియ్యమే!”

“ఇయ్యాల్నే కాదు సైదులూ, ఇగ సరుకు గీడ్నే ఉంటది. కిరాయికున్నోళ్లు పైకి మారిండ్రు.”

“నీ కాళ్లు మొక్కుత స్వరాజ్యం... నీ ఫోనేదీ? నీ ఫోనేదే?”

“పైన ఫ్రిజ్ మీదున్నది, పోండ్రి... నీతోని గాదు సైదులూ, నువ్వు ఇను. లోపటికొస్తే నల్లగోడ ఒకటుంటది. బస్తాలన్ని దానికే ఆనిచ్చి పేర్చుండ్రి, ఒక్క జానెడు గూడ ఎడం ఇడువకుండ్రి. ఏందీ? సేటుకు ఒక మాట చెప్పాల్నా? సేటుకు తీరిక లేదురా, నా ఫోన్ల పావురాల టైల్స్ పలగ్గొట్టనీకి మేస్త్రిని పిలుస్తున్నడు.”

ఇది రాసింది గుండెబోయిన సత్తెమ్మ. వయసు అరవై తొమ్మిది. ఇప్పుడు ఉంటున్నది వేములపల్లిలో.